బీరు సీసాలు ఆరబెట్టే స్టాండు: కర్ర మేకులా, బెజ్జాల పలకా?

ప్రశ్న: మేము అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ప్లేనోలో ఉంటున్నాము. రెండేళ్లుగా గరాజ్‌లో విడతకు 5 గాలన్ల చొప్పున ఇంటి బీరు తయారు చేస్తున్నాను. కడిగిన సీసాలు వంటగది గట్టంతా ఆక్రమిస్తున్నాయని ఇంట్లో విసుక్కోవడంతో, పెరటి కంచె మార్చినప్పుడు మిగిలిన పాత పైన్ పలకకు అర అంగుళం కర్ర మేకులు 15 డిగ్రీల వాలులో దిగగొట్టి, గరాజ్ గోడకు స్టాండుగా బిగించాను. ఆరు నెలలు తిరగకుండానే మేకులు ఉబ్బాయి, వాటి మొదళ్లలో నల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి. కిందటి విడతలో నాలుగు సీసాలు మూత తీయగానే పొంగిపోయాయి, బీరు పుల్లగా ఉంది. ఈ చెక్కకు ఏ వార్నిష్ వేయాలి? మేకుల వాలు సరిగానే ఉందా? గుంటూరులో ఉన్న మా తమ్ముడు కూడా తనకు కొలతలు పంపమంటున్నాడు.

సమాధానం: స్టాండు సంగతికి ముందు ఆ విడతలో ఇంకా తెరవని సీసాలు ఉంటే వాటి సంగతి చూడండి. పొంగే బీరు ఉన్న సీసాలో ఒత్తిడి రోజురోజుకూ పెరుగుతూ ఉంటుంది, ఒక్కోసారి గాజు పగిలేదాకా పెరుగుతుంది. చేతులకు మందపాటి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని వాటిని నెమ్మదిగా ఫ్రిజ్‌లోకి మార్చండి. చల్లటి బీరు కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా తనలో కలుపుకుంటుంది కనుక ఒత్తిడి తగ్గుతుంది. మర్నాడు సింకులో, తువ్వాలు కప్పి, ఒక్కొక్కటే తెరిచి చూడండి. విడతలోని సీసాలన్నీ పొంగితే తప్పు బీరుదే: పులియడం పూర్తి కాకముందే సీసాలకెత్తి ఉంటారు, లేదా సీసాలో పొంగు పుట్టడానికి కలిపే చక్కెర ఎక్కువ పడి ఉంటుంది, లేదా పులియబెట్టే పాత్రలోనే క్రిములు చేరి ఉంటాయి. అక్కడొకటి ఇక్కడొకటి మాత్రమే పొంగితే అనుమానం సీసాల మీదకు మళ్లుతుంది. చక్కెర నీళ్లు సమంగా కలవకపోయినా కొన్ని సీసాలే పొంగవచ్చు గాని, దానికి పులుపు రాదు. మీరు పులుపు కూడా ఉందన్నారు కాబట్టి, ఆ నాలుగు సీసాల్లోనూ బీరు పోయకముందే ఏదో నివాసం ఏర్పరచుకుని ఉందని నా అనుమానం. ఖాళీ చేశాక సీసా మెడలో, బీరు మట్టం ఉన్న చోట, తెల్లటి వలయం కనిపిస్తే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

మీ ప్రశ్న వార్నిష్ గురించి. అయితే ఏ వార్నిష్ వేసినా ఈ స్టాండు బాగుపడదు, ఎందుకంటే దీనిలోని లోపం చెక్క పైపూతలో లేదు, సీసాను పట్టుకునే తీరులో ఉంది. అసలు ఈ స్టాండు చేత మనం ఏ పని చేయించుకోవాలనుకుంటున్నామో ముందు తేల్చుకోవాలి. మనలో చాలామందికి సీసా, జాడీ అనగానే ఆవకాయ రోజులు గుర్తుకు వస్తాయి. జాడీ కడిగి, ఎండలో పెట్టి, పొడిగుడ్డతో తుడిచి, తడి చుక్క కూడా లేదని నిర్ధారించుకున్న తర్వాతే అమ్మ అందులో ముక్కలు వేసేది. పచ్చడికి ఆ నియమం అక్షరాలా సరైనదే, ఎందుకంటే ఉప్పు, నూనె, కారం కలిసి కట్టిన కాపలాను నీటి చుక్క సడలిస్తుంది, బూజుకు దారి ఇస్తుంది. కాని బీరులో తొంభై శాతానికి పైగా నీరే. అందులో మరో చుక్క నీరు కలిస్తే వచ్చే నష్టం ఏమీ లేదు. పొడిగా ఉన్నా మురికిగా ఉన్న సీసా మాత్రం విడతలో తన వాటాను పాడు చేస్తుంది. కనుక బీరు సీసాకు ఆరడం గమ్యం కాదు. నీరు పూర్తిగా జారిపోవాలి, జారిన తర్వాత లోపల ఏదీ తగలకూడదు, దుమ్ము పడకూడదు. ఈ మూడూ నెరవేరితే స్టాండు తన పని చేసినట్టే. ఈ దృష్టితో చూస్తే మీ స్టాండు మూడింటిలోనూ తప్పింది.

వాలు విషయం తీసుకుందాం. 15 డిగ్రీల వాలులో సీసా దాదాపు పడుకునే ఉంటుంది. మూతి కొంచెం కిందికి ఉంది కదా, నీరు ఎలాగూ బయటికి వస్తుందని అనిపిస్తుంది గాని, సీసా గొట్టం కాదు. దాని పొట్ట వెడల్పు సుమారు 61 మిల్లీమీటర్లు, మెడ అందులో సగం కూడా ఉండదు. పడుకున్న సీసాలో పొట్ట అడుగు మెడ అడుగు కంటే పల్లంలో ఉంటుంది. భుజం దగ్గర ఉన్న ఆ ఎత్తును నీరు ఎక్కి రావాలి, ఎక్కలేదు, అక్కడే మడుగు కట్టి నిలుస్తుంది. నమ్మకం కుదరకపోతే రెండు చెంచాల పసుపు నీళ్లు సీసాలో పోసి, 15 డిగ్రీల వాలులో పట్టుకుని చూడండి, తర్వాత వాలు పెంచుకుంటూ పొండి. భుజం వాలును దాటి వంచినప్పుడు మాత్రమే నీళ్లన్నీ ఒక్కసారిగా మెడలోకి దిగుతాయి. మామూలు పొడుగు మెడ సీసాకు 45 డిగ్రీల కంటే తక్కువ వాలును నేను నమ్మను. నిట్టనిలువుగా బోర్లించడం అన్నిటికంటే మంచిది. మన ఇళ్లలో చెంబులూ గ్లాసులూ బోర్లిస్తారే గాని పక్కకు పడుకోబెట్టరు.

ఇక మేకుల సంగతి. మూతబిళ్ల బిగించే సీసా మూతికి లోపలి వెడల్పు సుమారు 16 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ కర్ర మేకు మందం 12.7 మిల్లీమీటర్లు. మేకు చుట్టూ మిగిలేది ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు. అంత ఇరుకు సందులో నీరు కిందికి జారదు, గాజుకూ కర్రకూ మధ్య అంటుకుని నిలిచిపోతుంది. గాలి లోపలికి వెళ్లే దారి కూడా అదే కాబట్టి దానికి బిరడా పెట్టినట్టే అవుతుంది. ఆ నీటిని కర్ర పీల్చుకుని ఉబ్బుతుంది, ఉబ్బిన కొద్దీ సందు ఇంకా ఇరుకవుతుంది. మీరు చూసిన నల్లటి మచ్చలు ఇలా పుట్టినవే. పైగా ఆ మేకు కొన, పొద్దున మీరు శ్రద్ధగా కడిగిన సీసా లోపలి గోడకు రాత్రంతా ఆనుకునే ఉంటుంది. బూజు పట్టిన కర్రను సీసాలోకి చొప్పించి తెల్లవార్లూ ఉంచడమంటే, కడిగిన పనంతా వృథా చేసుకోవడమే. దుకాణాల్లో 45 సీసాలకూ 90 సీసాలకూ అమ్మే చెట్టు ఆకారపు స్టాండ్లలోనూ మేకులే ఉంటాయి కదా అని మీరు అడగవచ్చు. అవి ప్లాస్టిక్‌వి, నీరు పీల్చవు, వాడే ముందు శానిటైజర్ చల్లితే సరిపోతుంది. ఆ స్టాండ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. చేత్తో చేసుకునే సరదా ఉన్నవారు మాత్రం ఆ నమూనాను చెక్కలో దింపబోవడం పొరపాటు.

పలక గురించి మీరు రాసిన ఒక మాట నన్ను ఎక్కువగా కంగారు పెట్టింది: పాత కంచె. కంచెకు వాడే పైన్ పలకల్లో చాలావాటికి చెదలు పట్టకుండా, కుళ్లకుండా రసాయనాలు ఒత్తిడితో ఎక్కిస్తారు. అమెరికాలో ఇళ్ల అవసరాలకు అమ్మే చెక్కలో 2003 చివరి వరకూ ఆర్సెనిక్ కలిసిన మిశ్రమాన్ని విరివిగా వాడేవారు. ఆ తర్వాత దాని స్థానంలో ప్రధానంగా రాగి లవణాల మిశ్రమాలు వచ్చాయి. మీ కంచె ఎప్పటిదో మీరు రాయలేదు కాబట్టి, ఆ పలకను తినే, తాగే వస్తువుల దగ్గర అసలు ఉంచకండి. తీసిన పలకను చలిమంటకో, మాంసం కాల్చే పొయ్యికో వాడకూడదు, ఎందుకంటే ఆ పొగా బూడిదా కూడా విషమే. ఊరి చెత్త సేకరణ నియమాల ప్రకారం పారవేయండి. ఇంతకుముందు దాన్ని కోసినప్పుడు రాలిన పొట్టు గరాజ్ మూలల్లో ఉంటే, ముక్కుకు మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడిచేయండి.

కనుక మేకులను వదిలేసి బెజ్జాల పలకకు మారమని నా సలహా. సీసాను బోర్లించి, మెడను బెజ్జంలోకి దించి, భుజం మీద నిలబెడితే లోపలికి ఏదీ వెళ్లదు, మూతి గాలిలో వేలాడుతుంది, చుక్కలు నేరుగా కిందికి రాలుతాయి. చెక్క బదులు హోటళ్ల వంటగదుల్లో కూరగాయలు తరగడానికి వాడే తెల్లటి ప్లాస్టిక్ పలకలు కొనండి. వంటగది సామాను అమ్మే దుకాణాల్లో 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు, అర అంగుళం మందంతో దొరుకుతాయి. అవి నీరు పీల్చవు, బూజు పట్టవు, తిండి పదార్థాలకు తగినవే. ఆ కొలతలో మనకు కలిసివచ్చే లెక్క ఒకటి ఉంది. అంచు నుంచి అంగుళంన్నర వదిలి, అక్కడి నుంచి 3 అంగుళాలకొక బెజ్జం చొప్పున గుర్తు పెట్టుకుంటూ వెళితే వెడల్పులో 6, పొడవులో 8, మొత్తం 48 బెజ్జాలు ఒక్క అంగుళం కూడా వృథా కాకుండా సరిపోతాయి. 5 గాలన్లను 12 ఔన్సుల సీసాలతో భాగిస్తే 53 వస్తాయి గాని, పాత్ర అడుగున మడ్డితో పాటు వదిలేసేది పోను చేతికి వచ్చేవి 48, 50 మధ్య ఉంటాయి. అంటే ఒక్క పలక మీద దాదాపు ఒక విడత మొత్తం నిలబడుతుంది. సీసా పొట్ట 61 మిల్లీమీటర్లు, బెజ్జాల మధ్య దూరం 76 మిల్లీమీటర్లు కనుక పక్కపక్క సీసాల మధ్య చిటికెన వేలు పట్టేంత ఖాళీ మిగులుతుంది.

ఒక్క పలకతో సరిపెడదామని నాకూ మొదట అనిపించింది. కాని బోర్లించిన సీసాలో మందమైన గాజు, అంటే అడుగుభాగం, పైకి పోతుంది. బరువంతా పైన ఉండటంతో చేయి తగిలితే సీసా ఊగుతుంది, ఊగి పక్కదాన్ని తాకుతుంది. అందుకని పలకలు రెండు తీసుకుని ఒకదాని కింద ఒకటి, మధ్యలో అంగుళం ఎడం ఉండేలా అమర్చండి. పై పలకలో అంగుళంన్నర బెజ్జం సీసా భుజాన్ని మోస్తుంది, కింది పలకలో అంగుళంపావు బెజ్జం మెడను అటూ ఇటూ కదలకుండా పడుతుంది. అయితే ఈ రెండు కొలతలనూ వేదవాక్కుగా తీసుకోకండి. అమెరికా పొడుగు మెడ సీసాలకు ఇవి నప్పుతాయి గాని, పొట్టి మెడ సీసాలకూ, తీగ బిరడాతో వచ్చే లావు సీసాలకూ నప్పవు. ముందు అట్టముక్కలో ఆ రెండు బెజ్జాలూ కోసి, మీ దగ్గరున్న సీసాల్లో నాలుగు రకాలు దించి చూసి, ఆ తర్వాతే ప్లాస్టిక్ జోలికి వెళ్లండి.

రెండు పలకలనూ ఒకదాని మీద ఒకటి బిగించి, పైదాని మీద గుర్తు పెట్టిన ప్రతి చోటా సన్నటి డ్రిల్ బిట్‌తో రెంటిలోనూ ఒకేసారి చిన్న బెజ్జం వేయాలి. అలా చేస్తే పై బెజ్జమూ కింది బెజ్జమూ ఒకే నిలువులో ఉంటాయి. విడివిడిగా కొలిచి వేస్తే నలభై ఎనిమిదింటిలో పదైనా పక్కకు పోతాయి, మెడ దూరదు. తర్వాత పలకలను విడదీసి, ఆ చిన్న బెజ్జాన్నే ఆధారం చేసుకుని హోల్ సాతో, అంటే డ్రిల్‌కు తగిలించే గుండ్రటి రంపంతో, అసలు బెజ్జాలు కోయాలి. కింద పనికిరాని చెక్క పెట్టుకుని, డ్రిల్‌ను నెమ్మదిగా తిప్పాలి. వేగం పెంచితే ఈ ప్లాస్టిక్ తెగదు, కరిగి పళ్లకు చుట్టుకుంటుంది. కోసిన అంచులను చాకుతో గీకి నునుపు చేయండి, గరుకుగా వదిలేసిన అంచులో మురికి దాక్కుంటుంది.

ఈ ప్లాస్టిక్‌కు జిగురు అంటదు, రంగు నిలవదు. కాబట్టి బిగింపు అంతా బోల్టులతోనే చేయాలి. పావు అంగుళం మందం, 7 అంగుళాల పొడవు గల స్టెయిన్‌లెస్ మరచుట్ల కడ్డీలు ఆరు తీసుకుని, నాలుగు సీసాలు కలిసే ఖాళీ మధ్యలో, మూలలకు దగ్గరగా నాలుగు, పొడవు వైపు నడుమ రెండు దించండి. పలకల మధ్య ఎడం నిలవడానికి అంగుళం పొడవు నీటి పైపు ముక్కలు, కింద కాళ్లుగా 4 అంగుళాల పైపు ముక్కలు ఆ కడ్డీలకే తొడిగి నట్లు బిగిస్తే సరిపోతుంది, వేరే చట్రం అక్కరలేదు. నడిమి కడ్డీలు దండగ అనుకుని మానేయవద్దు. ఖాళీ సీసా సుమారు 200 గ్రాములుంటుంది, నలభై ఎనిమిదీ కలిస్తే పది కిలోలకు దగ్గర. మధ్యలో ఆసరా లేని పలక కొన్నాళ్లకు ఊయలలా వంగుతుంది. రాలే నీటికి బేకరీల్లో వాడే 18 అంగుళాల వెడల్పు, 26 అంగుళాల పొడవు గల అల్యూమినియం పళ్లెం ఒకటి కొని కింద పెడితే కొలిచి చేయించినట్టు అమరుతుంది. ఇది గోడ స్టాండు కాదు, బల్ల మీదో అలమర మీదో పెట్టుకునేది. మీ గరాజ్ గోడ ఖాళీగా ఉంటుంది, అంతే. వంటగది గట్టు మాత్రం ఇంటావిడకు తిరిగి దక్కుతుంది.

వాడకంలో ఒక విషయం తరచుగా జనం గమనించరు. నీటి ఆవిరి కలిసిన గాలి పొడి గాలి కంటే తేలిక. బోర్లించిన సీసాలో అడుగుభాగం పైన ఉంటుంది కాబట్టి తేమగాలి అక్కడికే చేరి నిలుస్తుంది, ఇరుకు మెడలోంచి కిందికి దిగిరాదు. అందుకే బోర్లించిన సీసా నుంచి నీరు గంటలో జారిపోయినా, గాజుకు పట్టిన సన్నటి తేమ రెండు మూడు రోజులైనా వదలదు. సీసాలను రాత్రంతా బోర్లించి ఉంచి, తెల్లవారాక మామూలుగా నిలబెట్టి, మూతులకు చిన్న అల్యూమినియం రేకు ముక్క వదులుగా చుట్టండి. తేమ పైకి పోతుంది, దుమ్ము లోపలికి రాదు. చివరిసారి వేడి నీళ్లతో కడిగితే గాజు వెచ్చగా ఉండి పని ఇంకా త్వరగా అవుతుంది. ఇదంతా సీసాలను తర్వాతి విడత దాకా దాచుకోవడానికి చెప్పిన మాట. ఎంత బాగా ఆరినా అది క్రిమిరహితమైనట్టు కాదు.

బీరు నింపే రోజున మళ్లీ మొదటి నుంచి రావాలి. లోపల మడ్డి పొర గాని, బూజు గాని కనిపించే సీసాను ముందు పెర్కార్బొనేట్ కలిసిన క్లీనర్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దాలి, ఎందుకంటే మురికి మీద ఏ శానిటైజరూ పనిచేయదు. నిజానికి బీరు గ్లాసులో పోసిన మరుక్షణమే సీసాను మూడుసార్లు నీళ్లతో తొలిపితే ఈ శ్రమ చాలా మటుకు తప్పుతుంది. తర్వాత స్టార్ శాన్ వంటి, తిరిగి కడగనవసరం లేని శానిటైజర్‌ను 5 గాలన్ల నీటికి ఒక ఔన్సు చొప్పున కలిపి సీసా లోపలంతా తడపండి. ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉండటమే దాని బలం, ఆరిపోయాక అది చేసేదేమీ లేదు. అందుకని ఆ తర్వాత సీసాను స్టాండు మీద ఆరబెట్టకుండా, అదనపు ద్రవం కారేంతసేపు మాత్రం బోర్లించి, తడిగా ఉండగానే బీరు నింపండి. లోపల మిగిలిన నురుగును చూసి కంగారుపడి మళ్లీ కుళాయి నీళ్లతో కడిగేవారు ఉన్నారు. ఆ నురుగు బీరుకు హాని చేయదు, కుళాయి నీళ్లు మాత్రం చేసిన పనిని చెరుపుతాయి. పలకలకూ ముందుగా అదే ద్రవం చల్లండి. సీసాల మూతి అంచు చిట్లి ఉందేమో చూడటానికి కూడా బోర్లించే ముందు క్షణమే అనువైనది. చిట్లిన సీసాను మొహమాటం లేకుండా పారేయండి.

ఇంత డ్రిల్ పని చేసే తీరిక లేకపోతే గిన్నెలు కడిగే యంత్రం కింది అరే మంచి స్టాండు. సబ్బు గాని, మెరుపు కోసం పోసే ద్రవం గాని వేయకుండా వేడి నీళ్లతో ఒకసారి తిప్పండి. ఆ మెరుపు ద్రవం పొర గాజుకు అంటితే బీరు నురుగు నిలవదు.

ఇక మీ తమ్ముడి సంగతి. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల, ఇంట్లో ఒక్క పెద్దవారే ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గాలన్లు పన్ను లేకుండా సొంతానికి తయారు చేసుకోవచ్చు, అమ్మకూడదు. ఆ వెసులుబాటు గుంటూరులో లేదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం, బీరు కూడా దాని కిందికే వస్తుంది. స్టాండు కొలతలు పంపడంలో తప్పు లేదు, షర్బత్ సీసాలకూ తేనె సీసాలకూ అది బాగానే పనికివస్తుంది. ఈస్ట్ ప్యాకెట్లు మాత్రం పంపకండి.